కల్యామాకు మీద రెట్ట కదిలింది

నల్గొండలో మా పెరట్లో ఒక కల్యామాకు (కరివేపాకు) చెట్టు ఉంది. ఆగస్టులో ఒకరోజు పొద్దున పప్పులోకి ఆకు తెంపుతుంటే రెబ్బ మీద పిట్ట రెట్ట కనబడింది. నల్లగా, మధ్యలో తెల్ల మచ్చ. గోటితో గీకబోతే తల ఎత్తింది!

"చెట్టంతా మేస్తయి బిడ్డా, ఇంత బూడిద చల్లు" అన్నది మా అత్తమ్మ. వాళ్ల పుట్టింట్లో బత్తాయి తోట ఉండేది. లేత మొక్కల మీద ఈ పురుగులు పడితే ఈనెలే మిగులుతాయని ఆమెకు తెలుసు. ఒక్క కొమ్మ వదిలేయమని బతిమాలాను. దాని మీదే మరో రెండు దొరికాయి.

ఫొటోలు తీయడమే పెద్ద టెన్షన్. ఫోన్‌కు క్లిప్ లెన్స్ పెడితే పురుగు దగ్గరికంటా పోవాలి, గాలికి రెబ్బ కాస్త ఊగినా అంతా మసకే. చివరికి రెబ్బను బట్టల క్లిప్పుతో కర్రకు బిగించి, వెనక తెల్ల కాగితం పెట్టి, ఎండ ముదరకముందే తీశాను. అప్పుడు కనబడింది అది తినే తీరు. ఆకు అంచును ముందరి ఆరు కాళ్ల మధ్య పట్టుకుని, తలను పైనుంచి కిందికి దించుతూ నెలవంకలా కొరుకుతుంది. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

ఒకరోజు తినడం మానేసి కదలకుండా ఉండిపోయింది. చచ్చిపోయిందేమోనని బెంగపడ్డాను. తెల్లారేసరికి నలుపు పోయి పచ్చగా ఉంది, పక్కన ముడతలు పడ్డ పాత చర్మం. పుల్లతో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికొచ్చి, ఘాటైన వాసన కొట్టింది.

తర్వాత నడుముకు సన్నటి పట్టుదారం కట్టుకుని గూడుగా మారింది. రెండోది కూడా అలాగే గూడు కట్టింది కానీ గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది, దాని పక్కన సూది మొనంత రంధ్రం. లోపల పెరిగిన చిన్న కందిరీగలు అందులోంచే వెళ్లిపోయాయి. ఆ రోజు అన్నం సరిగా తినబుద్ధి కాలేదు.

మొదటి గూడు తొమ్మిదో రోజున నల్లబడింది, లోపలి రెక్కల మచ్చలు పైకి కనబడ్డాయి. మర్నాడు పొద్దున్నే నలిగిన రెక్కలతో నిమ్మ సీతాకోక చిలుక బయటికొచ్చింది. కాగితం అత్తమ్మే పట్టుకున్నది. రెక్కలు విచ్చుకుని ఆరేసరికి నలుపు మీద లేత పసుపు మచ్చలు, కింది రెక్కల మీద చెరో ఎర్ర బొట్టు. పదింటికి గోడ దాటిపోయింది.

మూడోది ఇంకా ఆకు తింటూనే ఉంది.