పసిపాప కిడ్నీ బయాప్సీ

పాథాలజీలో ఇన్నేళ్లుగా ఉన్నా, నెలల పిల్లల కిడ్నీ బయాప్సీ వస్తే నాకు టెన్షన్ తగ్గదు. ఈ వారం వచ్చింది అలాంటిదే. కంజెనిటల్ నెఫ్రోటిక్ సిండ్రోమ్. పుట్టిన 3 నెలల్లోపే ఒళ్లు వాచిపోతుంది, మూత్రంలో ప్రొటీన్ ధారగా పోతుంది.

మామూలు మైక్రోస్కోప్ కింద, రక్తాన్ని వడకట్టే సన్న రక్తనాళాల ఉండలైన గ్లోమెరులస్‌లు పెద్దగా చెడినట్టు లేవు. మూత్రం పారే సన్న గొట్టాలైన ట్యూబ్యూల్స్ మాత్రం ఉబ్బి చిన్న చిన్న తిత్తులయ్యాయి, లోపల లేత గులాబీ రంగు ద్రవం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అసలు సంగతి బయటపడింది. ఈ వడపోతను చుట్టి ఉండే కణాలైన పోడోసైట్ల పాదాలు విడివిడిగా ఉండాలి కదా, అన్నీ చదునై కలిసిపోయాయి. వాటి మధ్య జల్లెడలా ఉండాల్సిన పొరే లేదు. ఆ పొరలో ముఖ్యమైన ప్రొటీన్ నెఫ్రిన్. దాని జన్యువు ఎన్‌పీహెచ్‌ఎస్1ను 1998లో గుర్తించారు.

ఇప్పుడు చాలాచోట్ల ముందు జన్యు పరీక్షే చేస్తున్నారు. నన్నడిగితే అదే మంచిది. ఇదే వాపు డబ్ల్యూటీ1 అనే మరో జన్యువు లోపంతోనూ రావచ్చు, అప్పుడు విల్మ్స్ ట్యూమర్ అనే పిల్లల కిడ్నీ క్యాన్సర్ కోసం కాపు కాయాలి. పుట్టుకతో వచ్చిన సిఫిలిస్ వల్ల అయితే పెన్సిలిన్‌తో తగ్గుతుంది కూడా. జన్యు లోపమైతే స్టెరాయిడ్లు దాదాపు పనిచేయవు.

"కడుపుతో ఉన్నప్పుడు పడనిదేమైనా తిన్నానా డాక్టర్ గారూ?" అని తల్లి అడిగింది. లేదమ్మా, తిండికీ దీనికీ సంబంధం లేదన్నాను. ఆరోగ్యంగా ఉన్న తల్లిదండ్రులిద్దరిలోనూ నెఫ్రిన్ జన్యువులో లోపమున్న కాపీ ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 25 శాతం. పక్కనే నిలబడ్డ అత్తగారు కూడా వినేలా మరోసారి చెప్పాను.