చిలుక బొమ్మ చెప్పిన చరిత్ర

"అమెరికాకి చరిత్ర ఎక్కడుంది, రెండువందల యాభై ఏళ్లేగా!" అన్న మాట మనవాళ్ల ఇళ్లలో తరచూ వింటాను. పిల్లలకు మన ప్రాచీనత మీద గౌరవం కలగాలనే అంటారు. కానీ అమెరికాలో, న్యూ మెక్సికో రాష్ట్రంలోని అల్బుకర్కీ నగరంలో పెరుగుతున్న నా పిల్లల ముందు ఎవరైనా అలా అంటే ఊరుకోను.

మా ఊరి పడమటి అంచున, అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాళ్ల గట్టు 17 మైళ్ల పొడవుంటుంది. దాని మీద సుమారు 24,000 చెక్కడాలున్నాయి. చాలావరకు 1300కీ 1680లకీ మధ్య ఇక్కడి ఆదివాసులైన ప్యూబ్లో ప్రజల పూర్వీకులు చేసినవి, కొన్ని ఇంకా పాతవి. నల్లబడిన పైపొరను మరో రాయితో కొట్టి తీస్తే లోపలి లేతరంగు బయటపడుతుంది. బొమ్మ అలా తేలుతుంది. 1990లో దీన్ని పెట్రోగ్లిఫ్ (రాతి చెక్కడాల) నేషనల్ మాన్యుమెంట్‌గా, అంటే ప్రభుత్వం కాపాడే జాతీయ స్థలంగా, ప్రకటించారు.

అందులోనే బోకా నేగ్రా కాన్యన్ అనే లోయలో ఒక రాతి మీద మకావ్ చిలుక ఉంది. "ఈ ఎడారిలోకి ఇదెలా వచ్చింది నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. ఇక్కడి పక్షి కాదమ్మా, దక్షిణాన మెక్సికో నుంచి మనుషులు వందల మైళ్లు మోసుకొచ్చేవాళ్లు అని చెప్పాను. అప్పటినుంచి ఆ రాళ్ల వెనక దారులు, సంతలు, బేరాలు ఊహించుకుంటోంది. చేత్తో తాకితే జిడ్డు అంటి చెక్కడాలు పాడవుతాయని తమ్ముడికి తనే చెబుతుంది.

పిల్లలు ప్రతి బొమ్మకీ అర్థం అడుగుతారు. నేను కల్పించి చెప్పను. కొన్నింటి గురించి ప్యూబ్లో వాళ్లు బయటివాళ్లతో మాట్లాడరు. అది వాళ్ల హక్కు, పిల్లలకు అదీ తెలియాలి. వాళ్లు గతించిన జాతి కాదని కూడా తెలియాలి. న్యూ మెక్సికోలోని 19 ప్యూబ్లో సమాజాలు కలిసి 1976లో తెరిచిన సాంస్కృతిక కేంద్రం మా ఊళ్లోనే ఉంది. అక్కడ నాట్యం చేసే పిల్లల్లో మా వాళ్ల ఈడువాళ్లూ ఉంటారు.

మాది కడప జిల్లా. అక్కడి చింతకుంట దగ్గర కూడా రాతిచిత్రాలున్నాయి. చిన్నప్పుడు నాకెవరూ చూపించలేదు. ఈసారి సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తాను.

ఈ గట్టు ప్యూబ్లో వాళ్లకు పవిత్రం. దీని మీదుగా రోడ్డు వద్దని వాళ్లు పోరాడారు. అయినా 1998లో అమెరికా కాంగ్రెస్ కొంత నేలను మాన్యుమెంట్ నుంచి తప్పించింది, తర్వాత రోడ్డు పడింది. ఇది చెబితే మా అబ్బాయి, "మనం వెళ్లేది ఆ రోడ్డు మీదేనా?" అన్నాడు.

అవును, ఆ రోడ్డు మీదే అన్నాను.