తమ్ముడు చెరిపేసిన వరసలు

పెరటాసి నెల శనివారం, వెంకటేశ్వర స్వామికి పూజ. అమ్మ తెల్లారకముందే వాకిలి కడిగి ముగ్గేసి, తళిగకు, అంటే స్వామి నైవేద్యానికి, పొంగలి పొయ్యి మీదికెక్కించింది. పూజయ్యేదాకా ఇంట్లో ఎవరికీ టిఫిను లేదు. తిరుపతి ఎం.ఆర్.పల్లెలో మా మేడ మీదికి పోతే తిరుమల కొండ సగం మబ్బులో ఉంది. ఈ ఒక్కరోజు ఆఫీసు లాప్‌టాప్ ముట్టుకోకూడదని నిన్ననే అనుకున్నా. దాన్ని ముట్టుకోలేదు గానీ తమ్ముడిది తెరవాల్సి వచ్చింది.

వాడు మేడ మెట్ల మీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం రా, రాత్రి నిద్రపోలేదా?"

"నాకు జావా రాదులే అక్కా. పాల లెక్క మళ్ళీ మొదట్నించి రాస్తా ఉండా."

పాల లెక్క అంటే వాడు జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్న ప్రోగ్రాం, వాడి సొంత ఆలోచన. చంద్రగిరి దగ్గర మా ఊళ్ళో చిన్నాయనకు రెండావులు, ఒక ఎనుము. పూటపూటా పాలు పోసినప్పుడు లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (నీళ్ళు, వెన్న కాక పాలలో ఉండే మిగతా సరుకు) వేసి చీటీ ఇస్తారు. ఆ చీటీలన్నీ చిన్నాయన గోడ మేకుకు గుచ్చి పెడతాడు. కూడి చూసుకునే తీరిక ఆయనకెక్కడిది? అది నేను చేసిపెడతా చిన్నాయనా అని పోయిన నెల వీడు మాటిచ్చి వచ్చాడు.

రాసింది చూపించమన్నా. విలువలు తీసే గెట్టర్లు, పెట్టే సెట్టర్లు, ఇదైతే ఇట్లా అదైతే అట్లా అని ఒకదాని కింద ఒకటి ఇఫ్‌లు, అంతా పాత పద్ధతి. నిన్న మధ్యాహ్నం వాడు నాకు చూపించిన ప్రోగ్రాం ఇది కాదు. అందులో చీటీ ఒక రికార్డు (విలువలన్నీ ఒకచోట పట్టుకునేది), పాలు ఒక సీల్డ్ ఇంటర్‌ఫేసు (ఏయే రకాలుండొచ్చో ముందే గిరిగీసేది), దాని కింద ఆవు పాలు, ఎనుము పాలు, లెక్కంతా రకాన్ని బట్టి దారి ఎంచే ఒక్క స్విచ్‌లో. చదివితే చిన్నాయన లెక్క చెప్పినట్టే ఉండింది. ఆ వరసలు ఏమైనాయని అడిగితే, "ఎడిటర్లో అంతా ఎర్రగీతలే అక్కా, తప్పని తీసేసినా" అన్నాడు. ప్రోగ్రాం రాసే ఎడిటరు తప్పనుకున్న చోట ఎర్రగీత గీస్తుంది.

నాకు కడుపులో ఏదో అయింది. అందులో ఒక్క తప్పు లేదు. రికార్డులు జావా 16లో, సీల్డ్ ఇంటర్‌ఫేసులు 17లో స్థిరపడ్డాయి. ఇట్లాంటి రకాల మీద స్విచ్ పెట్టుకునే వీలు 2023 సెప్టెంబరులో వచ్చిన 21తో పూర్తయింది. వాడు 21 వేసుకున్నాడు కూడా. మరి ఎడిటరు ఏ జావా కళ్ళతో చదివింది?

"21 వేసినావని ఎట్ల తెలుసు?" కమాండ్లు కొట్టే టెర్మినల్‌లో జావాసీ వెర్షన్ కొట్టి చూపించాడు, 21. జావా వెర్షన్ కొట్టమన్నా, 11. వాడు నా మొహం చూశాడు. జావాసీ ప్రోగ్రామును కంపైల్ చేసేది, అంటే నడిచే రూపానికి మార్చేది; జావా దాన్ని నడిపేది. వాడి లాప్‌టాప్‌లో ఉన్న ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టంలో ఈ రెండిటినీ విడివిడిగా ఎంచుకోవచ్చు. ఆ ఎంపిక చేసే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ కమాండులో చేత్తో ఒకసారి పెట్టినదాన్ని, కొత్త వెర్షన్ వచ్చినా అది కదిలించదు. రెండేళ్ళ కింద ఈ లాప్‌టాప్ వాడికిచ్చినప్పుడు, కాలేజీ ల్యాబులో 11 ఉందని, జావాను 11కి బిగించింది నేనే. జావాసీని ముట్టుకోలేదు కాబట్టి అది తనంతట తాను 21కి పోయింది.

చిన్న క్లాసొకటి రాసి కంపైల్ చేసి నడపమన్నా. ఎర్రర్ వచ్చింది: ఈ ఫైలు వెర్షన్ 65.0, ఈ జావాకు 55.0 దాకానే తెలుసు. "65 ఏంది, 55 ఏంది?" అన్నాడు. జావా వెర్షన్‌కు 44 కలుపుకుంటే చాలు. 21 అయితే 65, 11 అయితే 55. మాటతో వదిలెయ్యడం నాకిష్టం లేక కంపైల్ చేస్తే వచ్చే క్లాసు ఫైలును హెక్సులో, అంటే పదహారు చొప్పున లెక్కపెట్టే అంకెల్లో, తెరిచి చూపించా. మొదటి నాలుగు బైట్లు సి-ఎ-ఎఫ్-ఇ, బి-ఎ-బి-ఇ. ఏ జావా క్లాసు ఫైలైనా ఈ అక్షరాలతోనే మొదలవుతుంది. వాటి వెనక 0000, ఆ వెనక 0041. పదహారు నాలుగులు అరవైనాలుగు, ఒకటి అరవైఐదు అని వాడే వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రాత్రంతా లేని వెలుగు అప్పుడొచ్చింది వాడి మొహంలోకి.

టెర్మినల్ సంగతి ఒక్క కమాండుతో అయిపోయింది. ఎడిటర్ది వేరే దారి. వాడి ఎడిటరు వీఎస్ కోడ్, అందులో జావా కోసం చేర్చుకునే ఎక్స్‌టెన్షను తాను నడవడానికి ఒక జావా వాడుకుంటుంది, మన ప్రోగ్రామును చదవడానికి ఇంకొకటి. ఆ రెండోది సెట్టింగ్స్ ఫైలులో రాసి ఉంటుంది. ప్రోగ్రాం కట్టే మేవెన్, గ్రేడిల్ లాంటి పనిముట్లు లేని ఉత్త ఫోల్డరైతే, ఆ పట్టీలో డిఫాల్ట్ అని గుర్తున్న జావానే దానికి లెక్క. తెరిచి చూస్తే అక్కడా 11. అదీ నా చేతి రాతే. వాడికి ఆ మాట చెప్పా: "నీ తప్పు కాదు రా, నేను పెట్టి మరిచిపోయినా."

మార్చడం వాడి చేతే చేయించా. మొదటిసారి ఫోల్డరు దారి తప్పుగా ఇచ్చాడు. జావా ప్రోగ్రాం బిన్ ఫోల్డర్లో ఉంటుంది గదా అని అక్కడిదాకా ఇచ్చాడు. అక్కడ ఇవ్వాల్సింది జేడీకే (జావా పనిముట్ల మూట) పై ఫోల్డరు, బిన్‌కు ముందే ఆగిపోవాలి. పేరు కూడా అచ్చం జావాఎస్‌ఈ-21 అనే ఉండాలి, మనకు తోచినట్టు రాస్తే ఒప్పుకోదు. డిఫాల్ట్ గుర్తు 11 మీద నుంచి తీసి దీనికి పెట్టాడు. తర్వాత క్లీన్ జావా లాంగ్వేజ్ సర్వర్ వర్క్‌స్పేస్ అనే కమాండు కొట్టించా, పాత లెక్కలేవీ మిగలకుండా.

ఇక చెరిపేసిన వరసలు. మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో పెట్టలేదంట. ఎడిటర్లో టైమ్‌లైన్ తెరిస్తే సేవ్ చేసిన ప్రతిసారీ ఒక కాపీ దాచిపెట్టి ఉంది. నిన్న సాయంత్రందాన్ని వెనక్కి తెచ్చాం. ఎర్రగీత ఒక్కటీ లేదు. వాడేం మాట్లాడలేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చదువుకున్నాడు, తన రాతేనా అన్నట్టు.

"ఇప్పుడు ఎనుము వరస తీసెయ్" అన్నా. "మళ్ళీనా?" అంటూనే తీశాడు. స్విచ్ కింద వెంటనే ఎర్రగీత. అన్ని రకాలూ రాయలేదని చెబుతోంది. రేపు చిన్నాయన మేకను తెచ్చుకున్నా, మేక పాలొక రకంగా చేర్చగానే లెక్కలో ఎక్కడెక్కడ మరిచిపోయామో ఇదే పట్టిస్తుంది. పాత ఇఫ్‌ల వరసైతే నోరెత్తకుండా ఆ పూట డబ్బులు వదిలేసి పోయేది. ఈ గీత నిజంగా తప్పు చూసి గీసింది, రాత్రి గీసినవి వేరు. ఆ తేడా వాడికి చూపించాలనే తీయమన్నా.

కింద గంట మోగింది. అమ్మ గోవిందా అంటే నాన్న గొంతు కలిసింది. పోయి మేమూ కలిపాం. పులిహోర, వడ, పొంగలి, అన్నీ అరటాకులో. తిని చెయ్యి కడుక్కోగానే వాడు చిన్నాయనకు ఫోన్ చేసి మేకు మీది చీటీలకు ఫోటోలు తీసి పంపమన్నాడు. ఇది రాసేటప్పటికి పక్క గదిలోంచి వినిపిస్తా ఉంది, ఒక్కొక్కటే చదువుకుంటూ కొడుతున్నాడు: సాయంత్రం, ఎనుము, మూడున్నర లీటర్లు, వెన్న 6.8.