జమ్ము పొదల్లో ఎర్ర భుజాల నల్లపిట్ట

ఫిబ్రవరి నెలాఖరులో, కుంటల అంచున మంచు పూర్తిగా కరగక ముందే, ఉత్తర అమెరికాలోని చాలా చిత్తడి నేలలకు రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్ మగపక్షులు చేరుకుంటాయి. కిందటేటి ఎండు జమ్ము కాడ మీద వాలి, తోక విప్పి, భుజాల మీది ఎర్రమచ్చలను ఉబ్బించి, "కాంక్-లా-రీ" అని కూసే మగపక్షి ఫొటోలే ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఈ జాతి కథలో అసలు విశేషాలు మాత్రం ఆ కాడ కింద, పొద లోపల ఉన్నాయని నా అభిప్రాయం.

ఆ ఎరుపు వట్టి అలంకారమని కాదు. 1970ల తొలినాళ్లలో పరిశోధకులు కొన్ని మగపక్షుల భుజాలకు నల్లరంగు పూసి వదిలిపెట్టగా, వాటిలో సగానికి పైగా తమ హద్దులను పోగొట్టుకున్నాయి. మామూలు మగపక్షి కూడా పొరుగువాడి హద్దులోకి చొరబడేటప్పుడు మాత్రం ఎరుపును నల్లని ఈకల కింద దాచేసుకుంటుంది.

ఆడపక్షికి ఆ నలుపూ లేదు, అంతటి ఎరుపూ లేదు. ఒళ్లంతా గోధుమరంగు చారలతో ఉండే దాన్ని, కొత్తగా పక్షులను చూడడం మొదలుపెట్టినవాళ్లు పెద్ద పిచ్చుక అనుకుని వదిలేస్తారు. గూడు కట్టేదీ, గుడ్లు పొదిగేదీ అదే. నీటిపై నిలువుగా లేచిన కొన్ని కాడలను నారపోచలతో చుట్టి కలిపి, తడి ఆకులనూ పుచ్చిన చెక్కపేళ్లనూ వాటి మధ్య కూరి, లోపలి వైపు బురదతో మెత్తి, చివరికి సన్నని ఎండుగడ్డి పరుస్తుంది. 1930లలో మిన్నెసోటాకు చెందిన ఒక ప్రకృతి పరిశీలకుడు అలాంటి గూడొకటి విప్పి లెక్కపెడితే, అందులో 34 విల్లో బెరడు పేలికలు, 142 జమ్ము ఆకులు తేలాయి. కొన్ని ఆకుల పొడవు రెండడుగులు. లేత నీలిరంగుపై నల్లని గీతలున్న మూడు నాలుగు గుడ్లు పన్నెండు రోజుల అటూ ఇటూగా పిల్లలవుతాయి.

ఒక్కో మగపక్షి హద్దులో ఐదారు ఆడపక్షులు, అరుదుగా పదిహేను దాకా, గూళ్లు కట్టుకుంటాయి. దీన్ని చాలాకాలం మగపక్షి అంతఃపురంగానే వర్ణించారు. అయితే 1970లలో, బ్లాక్‌బర్డ్‌ల సంఖ్యను తగ్గించే ఉద్దేశంతో కొన్ని మగపక్షులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి చూస్తే, వాటి హద్దుల్లోని ఆడపక్షులు పెట్టిన గుడ్లు నిక్షేపంగా పిల్లలయ్యాయి. తర్వాత వచ్చిన డీఎన్ఏ పరీక్షలు విషయాన్ని ఖాయం చేశాయి: గూళ్లలోని పిల్లల్లో నాలుగో వంతు నుంచి సగం వరకు పొరుగు మగపక్షుల సంతానమే.

అలాగని మగపక్షిని పనికిమాలినదిగా కొట్టిపారేయలేం. గూటి దగ్గరికి వచ్చిన కాకినైనా గద్దనైనా వెంటబడి తరుముతుంది. షికాగో నగరంలో మిషిగన్ సరస్సు తీరాన వేసవి తొలినాళ్లలో నడిచేవాళ్ల నెత్తిన వెనకనుంచి వచ్చి తన్నేదీ ఇదే.

వేసవి ముగిసేసరికి ఈ హద్దులన్నీ చెరిగిపోయి, పక్షులు పెద్ద గుంపులుగా కలుస్తాయి. అప్పటిదాకా ప్రధానంగా పురుగులు తిన్నవి గింజల మీద పడతాయి; నార్త్ డకోటాలో పొద్దుతిరుగుడు రైతుకు పేచీ ఇక్కడే మొదలవుతుంది. గుంపులు రాత్రిపూట తలదాచుకునే జమ్ము పొదలను కలుపుమందు చల్లి తగ్గించడం అక్కడ ఒక నివారణ పద్ధతి. రైతు నష్టం నిజమే అయినా, మందు చల్లిన చోట పోయేది రాత్రి బస ఒక్కటే కాదు, మరుసటి వసంతంలో ఆడపక్షి గూటికి కావలసిన కాడలూ ఆకులూ కూడా.