కాగితం మీద బుజ్జి

అర్ధరాత్రి దాటాక నెల్లూరు ఆసుపత్రి కౌంటర్‌లో పేషెంట్ పేరు అడిగారు. ఇంటిపేరుతో కలిపి బుజ్జి అని చెప్పాను. వాళ్ళు అలాగే రాసుకున్నారు. కందుకూరులో ఆరో తరగతి నుంచి నాకు వాడు బుజ్జే. ఆధార్‌లో ఉన్నది వాళ్ళ తాత పేరు, పొడుగాటిది. ఆ టెన్షన్‌లో నాకది తట్టనే లేదు. తెల్లారకముందే వాడి గుండె ఆగిపోయింది. నలభై ఏడేళ్ళు.

కర్మకాండలు అయ్యేదాకా కాగితాల సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇంట్లో పోతే 21 రోజుల్లోపు మనమే వెళ్ళి నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే వాళ్ళే సమాచారం పంపుతారు. అయితే ఊరు కందుకూరైనా మరణం నమోదయ్యేది పోయిన చోటే, అంటే నెల్లూరులోనే. సర్టిఫికెట్ కోసం నేనే వెళ్ళాను. అందులో బుజ్జి అని చూడగానే నాకు కాళ్ళాడలేదు. బ్యాంకులో చూపిస్తే, మా ఖాతాదారు పేరు ఇది కాదండీ అన్నారు. వాళ్ళను తప్పు పట్టడానికేమీ లేదు.

వాడి భార్యకు ఈ మాట ఎట్టా చెప్పాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. చివరికి, “తప్పు నాదేనమ్మా” అన్నాను. “మీరు అబద్ధం చెప్పలేదు కదన్నా, ఆయన పేరు అదే కదా” అని ఆధార్, రేషన్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

పేరు మార్చడానికి ఆసుపత్రి నుంచి లెటర్, ఆ రెండు కార్డుల జెరాక్సులు, నోటరీ అఫిడవిట్ అడిగారు. లెటర్ కోసమే మూడుసార్లు తిరిగాను. అఫిడవిట్ టైపు చేసే ఆయన, ‘బుజ్జి అని పిలవబడే వ్యక్తి, సదరు వ్యక్తి ఒక్కరే’ అని పైకి చదువుతూ కొట్టాడు. సాక్షి నేనే. ఎన్నేళ్ళ నుంచి తెలుసని అడిగాడు. ముప్పై ఆరేళ్ళు అన్నాను. అప్పటిదాకా, దహనం రోజు కూడా, నాకు ఏడుపు రాలేదు. ఆ బల్ల ముందు మాత్రం ఆగలేదు. ఆయన టైపు ఆపి, మంచినీళ్ళ సీసా నా వైపు జరిపాడు.

సర్టిఫికెట్ సరిచేసి ఇచ్చాక పాస్‌బుక్ తిరగేశాం. ఏడాదికోసారి కోత కనపడింది. మొదట్లో 330 రూపాయలు, 2022 నుంచి 436. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. 2015లో ఆ పథకం వచ్చిన కొత్తలో నన్ను కూడా బ్యాంకుకు లాక్కెళ్ళి సంతకం పెట్టించింది వాడే. “రేయ్, ఏడాదికి 330, అంతే కదరా” అన్నాడు. ఇంట్లో మాత్రం చెప్పినట్టు లేడు, ఆమెకు తెలియదు. రెండు లక్షలు వస్తాయి, నామినీగా ఆమె పేరే ఉంది. క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, పాస్‌బుక్ జెరాక్సు వాడికి ఖాతా ఉన్న బ్రాంచిలోనే ఇచ్చాం. ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, పోయినవారి పాస్‌బుక్‌లో ఆ 436 కోసం ఒక్కసారి వెతకండి. చాలా ఇళ్ళలో అది ఎవరికీ తెలియదు. ఆలస్యం మాత్రం చేయకండి.

ఆ పనులన్నీ అయిపోయాయి. ఇంకొకటి మిగిలింది. పోయిన మొహర్రంకి మేమిద్దరం నెల్లూరు రొట్టెల పండక్కి వెళ్ళాం. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మా అబ్బాయి కోసం ఉద్యోగ రొట్టె పట్టింది బుజ్జి. నేను పడతానంటే వినలేదు. మార్చిలో అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. కోరిక తీరితే మరుసటి ఏడు రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్ళకు ఇవ్వాలి. “నేను పట్టాను, నేనే తెచ్చిస్తా” అని ఫోన్లో గట్టిగా చెప్పాడు.

మొన్న ఆ సంగతి వాళ్ళింట్లో చెప్పాను. రొట్టెలు తనే చేసిస్తానంది వాడి భార్య. మా అబ్బాయి లీవు పెట్టాడు. ముగ్గురం వెళ్తున్నాం.