ముందు సీట్లో కూర్చున్న పాపానికి

దక్షిణాఫ్రికాలో షేర్ టాక్సీ ఎక్కితే డ్రైవర్ పక్కన కూర్చోవద్దని నాకు ఎవరూ చెప్పలేదు. పర్సు జాగ్రత్త అన్నారు. ఫోన్ బయటికి తీయొద్దన్నారు. చీకటి పడేలోపు రూముకు వచ్చేయమన్నారు. అసలు చెప్పాల్సిన ముక్క మాత్రం చెప్పలేదు.

ఆఫీసు పని మీద నాలుగు నెలలు జొహానెస్‌బర్గ్‌లో ఉన్నాను. వరసగా మూడు రోజులు సెలవులొస్తే మావాళ్లంతా క్రూగర్ పార్కుకు సింహాలను చూడటానికి బయల్దేరారు. నేను పోర్ట్ ఎలిజబెత్‌కు టికెట్ తీశాను. "అక్కడేముంది?" అని అందరూ అడిగారు. దక్షిణాఫ్రికాకు రగ్బీ వరల్డ్ కప్పులు గెలిచిపెట్టిన కెప్టెన్ సియా కోలిసీ ఊరు అన్నాను. మా జట్టులో నాయుడూ ఉన్నాడు, డర్బన్ మనిషి. ముత్తాత చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చాడట. పేరు చివర దీర్ఘం మిగిలింది కానీ తెలుగు మిగల్లేదు. అతనొక్కడే నా వీపు మీద చరిచి, "అయితే లాగుల కథ తెలుసా?" అన్నాడు. దాని సంగతి తర్వాత చెప్తాను.

నాకు రగ్బీ పిచ్చి పట్టి ఎన్నాళ్లో కాలేదు. 2023 అక్టోబర్ 28న మన దగ్గర క్రికెట్ ప్రపంచ కప్ నడుస్తోంది. పొద్దున ధర్మశాలలో న్యూజిలాండ్ 5 పరుగుల తేడాతో ఆస్ట్రేలియా చేతిలో ఓడింది. రాత్రి నిద్రపట్టక చానళ్లు తిప్పుతుంటే పన్నెండున్నరకు మళ్లీ న్యూజిలాండే కనిపించింది, ఈసారి పారిస్‌లో, రగ్బీ ఫైనల్లో. రూల్స్ ఒక్కటీ తెలియవు. ముందుకు పరిగెత్తాలి, బంతి మాత్రం వెనక్కే విసరాలి, ఇదేం ఆటరా బాబూ అనుకున్నాను. కాసేపటికి మా చెడుగుడులాగే అనిపించింది. గీత దాటించాలి, అవతలివాళ్లు కాళ్లు పట్టి లాగుతారు, అంతే. కూత లేదు గానీ మూలుగులున్నాయి.

ఆ మ్యాచ్‌లో న్యూజిలాండ్ కెప్టెన్‌కు రెడ్ కార్డు ఇచ్చి పూర్తిగా బయటికి పంపేశారు. దక్షిణాఫ్రికా కెప్టెన్ కోలిసీకి ఎల్లో కార్డు. పది నిమిషాలు గీత అవతల కుర్చీలో కూర్చోవాలి. ఏప్రిల్‌లో మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న మనిషి, వరల్డ్ కప్‌కు వస్తాడో రాడో అని దేశమంతా టెన్షన్ పడ్డ మనిషి, ఫైనల్లో కుర్చీలో కూర్చుని తన జట్టు ఆడుతుంటే చూస్తున్నాడు. చివరికి 12-11. క్వార్టర్ ఫైనల్, సెమీస్, ఫైనల్, మూడూ ఒక్కో పాయింటుతోనే గెలిచారని మర్నాడు చదివాను. ఆ కుర్చీలో ముఖం మాత్రం గుర్తుండిపోయింది. అదీ నా యాత్రకు కారణం.

మొదటి రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, గాలి తప్ప. ఆ ఊరి గాలి మామూలు గాలి కాదు, టోపీ ఎగరేసుకుపోయింది. గుట్ట మీద రాతి పిరమిడ్ ఒకటి ఉంది. 1820లో ఇక్కడికి తాత్కాలిక గవర్నర్‌గా వచ్చిన డాంకిన్ దొర చనిపోయిన భార్య జ్ఞాపకంగా కట్టించి, ఊరికీ ఆమె పేరే పెట్టాడు. ఆ ఎలిజబెత్ ఈ ఊరిని చూడనే లేదు. రెండేళ్ల ముందే మన మీరట్‌లో జ్వరంతో పోయింది, సమాధి అక్కడే ఉంది. ఆఫ్రికా చివర్న నిలబడి మీరట్‌ను తలుచుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. 2021లో ఊరి పేరు గ్కెబెర్హా అని మార్చారు. నేను రాసినట్టు పలికితే అక్కడెవరికీ అర్థం కాదు. మొదట్లోనే నాలుక అంగిట్లోంచి 'టక్'మని ఊడిరావాలి.

గెస్ట్‌హౌస్‌లో సియా పెరిగిన వాడ జ్విడే వెళ్తానంటే, మా చిన్నప్పుడు మిర్యాలగూడలో పల్నాడు పేరు చెప్పి భయపెట్టినట్టే భయపెట్టారు. వెళ్లాల్సిందేనంటే గైడుతో, కారులో వెళ్లమన్నారు. మనిషికి 950 రాండ్లు! రాండ్ అంటే అప్పట్లో మన నాలుగున్నర, ఐదు రూపాయల మధ్య ఉండేది. పేదవాళ్లు ఉండే వీధులు కారు అద్దంలోంచి చూపించడానికి నాలుగు వేల పైచిలుకా? ఒళ్లు మండింది. రోజూ వేలమంది పనులకు వచ్చిపోయే దారే కదా అని టాక్సీ అడ్డాకు నడిచాను. అక్కడ బండి మీద అమగ్విన్యా అమ్ముతున్నారు. మైసూర్ బోండాకు స్వయానా అక్క, కాకపోతే లోపల చీల్చి మామిడికాయ ఊరగాయ పెట్టిచ్చారు. దాన్ని 'అచార్' అనే అంటారు. ఒక్క బోండాతో నా కోపం సగం దిగింది.

తెల్ల టయోటా వ్యాన్. వెనక సీట్లన్నీ నిండాయి, డ్రైవర్ పక్క కిటికీ సీటు ఖాళీగా ఉంది. నా అదృష్టం చూసుకుని మురిసిపోతూ ఎక్కాను. ఇంత మంచి సీటు ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించాల్సింది.

బండి మలుపు తిరిగిందో లేదో నా భుజం మీద ఎవరో తట్టారు. వెనక్కి తిరిగితే వంద రాండ్ల నోటు. "ఫోర్" అందో ఆడగొంతు. డ్రైవర్‌కు అందించబోయాను. అతను రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపాడు. ఇంకో తట్టు, రెండొందల నోటు, "త్రీ." మరో తట్టు, చిల్లర నాణేలు, "వన్." అప్పుడర్థమైంది. ఇక్కడ కండక్టర్ ఉండడు. వరస వరసకూ డబ్బులు పోగై ముందుకొస్తాయి. ముందు కూర్చున్నవాడు లెక్క చూసి, ఎవరి చిల్లర వాళ్లకు వెనక్కి పంపి, మొత్తం డ్రైవర్ చేతిలో పెట్టాలి. అందుకే ఆ సీటు జోలికి ఎవరూ రారు.

టికెట్ 18 రాండ్లు. ఇరవై చేస్తే ఏం పోయిందో! నలుగురికి డెబ్బై రెండు, వందకు ఇరవై ఎనిమిది వెనక్కి. ముగ్గురికి యాభై నాలుగు, రెండొందలకు నూట నలభై ఆరు. నా ఒళ్లో నోట్లు, తొడల మధ్య నాణేలు, కిటికీలోంచి ఆ దిక్కుమాలిన గాలి. ఈలోగా వెనకనుంచి "ఆఫ్టర్ రోబో!" అని ఒకరు అరిచారు. రోబో అంటే ఇక్కడ ట్రాఫిక్ లైటట. అతను దిగిపోయే లోపు చిల్లర ఇవ్వాలి. నేను చేసేది ఆడిట్ ఉద్యోగం. కోట్ల లెక్కలు చూసినవాడికి ఆ 270 రాండ్లు చెమటలు పట్టించాయి. "ఈ రోజు కెప్టెన్ నువ్వే, భూటీ" అన్నాడు డ్రైవర్, నవ్వకుండా. భూటీ అంటే అన్నా, తమ్ముడూ అని.

అంతా లెక్కపెట్టి ఇస్తే 252 తేలింది. పద్దెనిమిది తక్కువ. డ్రైవర్ బండి నెమ్మది చేశాడు. ఏదో అన్నాడు. వ్యాన్‌లో చర్చ మొదలైంది. ప్రతి వరసా తన లెక్క అప్పజెప్పింది. నేను మళ్లీ లెక్కపెట్టాను, అంతే వచ్చింది. నా వెనక కూర్చున్న ముసలావిడ ఒకామె, తలకు గుడ్డ కట్టుకుని ఉంది, అందరినీ చేత్తో ఆపి, వేలు పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, ఆ వేలు చివరికి నా భుజం మీద ఆనించింది. "నీదేది?"

ఏరు దాటిన పరమానందయ్య శిష్యులు తమను తాము లెక్కపెట్టుకోవడం మరిచిపోయారని చిన్నప్పుడు ఎంత నవ్వానో! టికెట్ తీసుకోనిది నేనే. వ్యాన్ మొత్తం పగలబడి నవ్వింది. డ్రైవర్ కూడా.

దాంతో పరిచయాలైపోయాయి. ఆవిడను అందరూ 'మఖులు' అంటున్నారు, నాయనమ్మా అన్నట్టు. నేనూ అలాగే పిలిచాను. ఎక్కడికని అడిగింది. సియా ఆడిన గ్రౌండ్ చూడాలి అన్నాను. "ప్చ్" అంది. అచ్చం మన 'ప్చ్'. వాళ్ల భాషలో అది అక్షరమట. ఖోసా అనే ఆ భాష పేరులో మొదటి అక్షరం ఇంకో చప్పుడు, మా ఊళ్లో జట్కావాడు గుర్రాన్ని అదిలించే చప్పుడు. నేను ఆ చప్పుడు చేసి చూపిస్తే ఆవిడ మెచ్చుకుంది. తమ ఆఫీసులో ఆర్నెల్లుగా నేర్చుకుంటున్న తెల్లాయన కంటే నయమట.

"ఇక్కడ ఎవరినడిగినా సియా మా పక్కింటివాడే అంటారు. నమ్మకు" అని ముందే చెప్పింది. వాళ్ల నాయనమ్మ పెంచిన పిల్లాడు. తల్లిదండ్రులు అతను పుట్టేనాటికి చదువుకునే వయసు పిల్లలే. 1991 జూన్ 16న పుట్టాడు. సరిగ్గా దానికి పదిహేనేళ్ల ముందు అదే తేదీన జొహానెస్‌బర్గ్ శివారు సొవెటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిగాయి. అందుకే ఇప్పుడు ఆ రోజు దేశమంతా సెలవు. ఇటుకను కారనుకుని ఆడుకునేవాడినని, బళ్లో పెట్టే బ్రెడ్డే ఆధారమైన రోజులున్నాయని అతనే చాలాసార్లు చెప్పుకున్నాడు. మఖులుకు మాత్రం ఇవేవీ విశేషాలు కావు. "ఇటుకతో ఎవరు ఆడుకోలేదు?" అంది. ఆవిడకు ఒక్కటే కోపం. కుర్రాణ్ని కేప్‌టౌన్ తీసుకుపోయింది, 2021లో డర్బన్ తీసుకుపోయింది, 2023లో పారిస్ తీసుకుపోయింది, మరుసటి ఏడాది తిరిగొస్తే మళ్లీ డర్బనే. "మాకు ఎప్పుడు ఆడాడు?"

డాన్ క్వెక్వె స్టేడియం దగ్గర దించి దారి చూపించింది. నల్లజాతి పెద్దమనిషి పేరు అది. రగ్బీ తెల్లవాళ్ల ఆట, మండేలా 1995 రగ్బీ వరల్డ్ కప్ ఫైనల్‌కు జాతీయ జట్టు ఆరో నంబర్ జెర్సీ వేసుకున్నాకే నల్లవాళ్లు దాన్ని తమదనుకున్నారు, ఇదీ నేను మోసుకెళ్లిన జ్ఞానం. శుద్ధ తప్పు. ఈ ఊళ్లో నల్లవాళ్ల రగ్బీ క్లబ్బు 1887 నాటికే ఉంది. దక్షిణాఫ్రికా మొదటి రగ్బీ టెస్టు మ్యాచ్ కూడా ఇదే ఊళ్లో, 1891లో జరిగింది. అంటే జాతీయ జట్టు కంటే ఈ వాడల ఆటే పాతది. ఆ జట్టుకు ఓ నల్లవాడు టెస్టు కెప్టెన్ కావడానికి మాత్రం 2018 దాకా, 127 ఏళ్లు పట్టింది. అతనే సియా. ఎల్లిస్ పార్క్‌లో ఇంగ్లండ్ మీద, 42-39. మరుసటి ఏడాది యొకొహామాలో వరల్డ్ కప్.

గ్రౌండ్‌లో పిల్లలు పదిమందికి పైగా ఉన్నారు. గడ్డి సగం, మట్టి సగం. బంతి ఒక్కటే, తోలు లేచిపోయింది. ఒక బక్క పిల్లాడు స్కూలు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పుల్లేకుండా ఆడుతున్నాడు. గాలికి బంతి వంకర తిరిగిపోతుంటే వాడు ముందే అటు వంగి నిలబడుతున్నాడు. మిగతావాళ్లు బంతిని చూసి పరిగెత్తుతున్నారు, వాడు గాలిని చూసి పరిగెత్తుతున్నాడు. అరగంట వాణ్నే చూశాను. ఫోటో తీయబుద్ధి కాలేదు. ఖాళీ గోల్ కర్రలకు మాత్రం ఒకటి తీసుకున్నాను.

మర్నాడు గ్రే హైస్కూల్ చూడటానికి యాప్‌లో కారు బుక్ చేసుకున్నాను. ముందు సీటుకు ఇక దండం. సెలవు కావడంతో గేటు మూసి ఉంది, కంచె పక్కనే నడిచాను. గడియారం బురుజు, దాని ముందు పరుపులా పచ్చిక. స్ప్రింక్లర్లు తిరుగుతున్నాయి. క్రికెటర్ గ్రేమ్ పొలాక్ కూడా చదివిన బడి. జ్విడే నుంచి పదిహేను కిలోమీటర్లుంటుందేమో.

ఇక లాగుల కథ. ఆరో క్లాసు వయసులో సియాను మోసెల్ బేలో టోర్నమెంటుకు తీసుకెళ్లారు. అందరికీ ఆట నిక్కర్లున్నాయి, అతనికి లేదు. లోపల వేసుకునే బాక్సర్‌తోనే దిగి ఆడేశాడు. అది చూసినవాళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చి గ్రే స్కూల్లో చేర్చారు. ఇంగ్లీషు ముక్క రాదు. నాయుడూ ఈ కథ చెప్పేటప్పుడు కళ్లు తుడుచుకున్నాడు. నాకూ మొదట్లో అలాగే ఉండేది. ఆ కంచె పక్కన నిలబడితే మాత్రం వేరేలా ఉంది. ఆ రోజు అతనితోపాటు జట్టులో మిగతావాళ్లు కూడా ఆడారు కదా. మధ్యాహ్నం అయ్యాక వాళ్లు ఏ బస్సెక్కి ఎక్కడికి వెళ్లారు?

మా క్లాసులో ఒకడుండేవాడు. హకీంపేటలో స్పోర్ట్స్ స్కూల్ కొత్తగా పెట్టిన రోజులు. నాలుగో క్లాసులో చేర్చుకోవడానికి పిల్లలకు మండలంలో, జిల్లాలో పోటీలు పెట్టారు. పరుగు, లాంగ్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం. మావాడు రెండు చోట్లా నెగ్గాడు. హైదరాబాద్ వెళ్లే రోజు పత్తి ఏరడానికి మనుషులు చాలక వాళ్ల నాన్న పంపలేదు. "వచ్చే ఏడు పోదువులేరా" అన్నాడు. వచ్చే ఏడు వాడు ఐదో క్లాసు. ఇప్పుడు మిర్యాలగూడలో సెవెన్ సీటర్ ఆటో నడుపుతున్నాడు.

రాత్రి గెస్ట్‌హౌస్‌లో వాడికి వాట్సాప్‌లో గోల్ కర్రల ఫోటో పంపి, ఫోన్ చేసి అంతా చెప్పాను. బాక్సర్ సంగతి, కెప్టెన్సీ, రెండు వరల్డ్ కప్పులు. ఊఁ కొడుతూ విన్నాడు. హకీంపేట పేరు నేనెత్తలేదు, వాడూ ఎత్తలేదు. కాసేపాగి అడిగాడు.

"అయితే ముందు సీటోడే పైసలు వసూలు చేస్తడా?"

"అవున్రా."

"ఒక్కడు కూడా ఎగ్గొట్టడా?"

"నేనే ఎగ్గొట్టబోయాను."

గట్టిగా నవ్వాడు. తర్వాత టికెట్ ఎంత, రోజుకెన్ని ట్రిప్పులు, డీజిల్ లీటరు ఎంత అని అడగడం మొదలుపెట్టాడు. డీజిల్ ధర నాకు తెలియదు. రేపు డ్రైవర్‌ను కనుక్కుని చెప్తానన్నాను.