నీలి చుక్క కదలలేదు

ఈసారి సెలవుకు వచ్చినప్పుడు నన్ను చెన్నై విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి మా అక్క కొడుకు వచ్చాడు. వాడికి షార్జాలో ఏసీ మెకానిక్ పని కుదిరింది, వీసా కూడా చేతికొచ్చింది. తిరుపతి దారి పట్టిన కాసేపటికే, జీతం, గది, తిండి సంగతులన్నిటికంటే ముందు వాడు అడిగిన ప్రశ్న ఇది: "మామా, ఈ వీపీఎన్ యాప్ ఈడే ఏసుకొని పోతే, ఆడ వాట్సాప్‌లో అమ్మతో మాట్లాడొచ్చంట గదా?"

వీపీఎన్ అంటే నెట్‌లో మనం వేరే చోట ఉన్నట్లు చూపించే యాప్. వాడికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పలేకపోయాను. చంద్రగిరి దగ్గర మా ఇంటికి చేరి, అమ్మ చేసిన సంగటి, ఊరుబిండి తిన్న తర్వాత, మిద్దె మీద కూర్చొని రెండు రాత్రులు వాడికి చెప్పిన విషయాన్నే ఇక్కడ రాస్తున్నాను. మా వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళే పిల్లలకు పాస్‌పోర్టు గురించి, మెడికల్ పరీక్షల గురించి ఏజెంట్లు చెబుతారు గాని, చేతిలో ఉన్న ఫోను అక్కడికి వెళ్ళాక ఎలా మారిపోతుందో చెప్పేవాళ్ళు ఉండరు.

నేను 2018లో ఎలక్ట్రీషియన్‌గా దుబాయ్ వెళ్ళాను. అల్ కూజ్‌లోని క్యాంపులో ఒక గదికి ఆరుగురం, మూడు బంకు మంచాలు. వెళ్ళిన రెండో రోజు రాత్రి అమ్మకు వాట్సాప్‌లో కాల్ చేస్తే ఫోను మోగింది, అమ్మ ఎత్తింది, తెర మీద 'కనెక్టింగ్' అన్న మాట మాత్రం అలాగే నిలిచిపోయింది. గొంతు అటు నుంచి ఇటు రాలేదు, ఇటు నుంచి అటు పోలేదు. లోపం తన ఫోనులోనే ఉందనుకొని అమ్మ దాన్ని రెండుసార్లు రిపేరు షాపుకు పట్టుకెళ్ళిందని తర్వాత తెలిసింది. అసలు కారణం దుబాయ్, షార్జా ఉన్న యూఏఈ దేశపు నిబంధన. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే సేవను అనుమతి పొందిన యాప్‌లే ఇవ్వాలి. అందువల్ల వాట్సాప్‌లో రాసిన సందేశాలు, ఫోటోలు, గొంతు రికార్డు చేసి పంపిన క్లిప్పులు అన్నీ పోతాయి గాని నేరుగా కాల్ కలవదు. బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌లో మాట్లాడాలంటే అప్పట్లో నెలకు 50 దిర్హాముల ప్యాకేజీ తీసుకోవాలి. నా జీతం 1,200 దిర్హాములు. ఇంటికి పంపేది, తిండికి పోయేది తీసేశాక 50 దిర్హాములంటే ఎంత లెక్కో గదిలో ఉన్న ఆరుగురికీ తెలుసు.

పై మంచం మీద ఉండే పీలేరు అన్న నా ఫోను తీసుకొని ఒక ఉచిత వీపీఎన్ యాప్ ఎక్కించి, ఒక బొత్తాం నొక్కి, "ఇప్పుడు మాట్లాడు తమ్ముడా" అన్నాడు. అమ్మ గొంతు వినిపించింది. ఆ రాత్రి దాని లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆలోచన నాకు రాలేదు.

లోపల జరిగేది ఏమిటో మా మేనల్లుడికి ఉత్తరాల లెక్కలో చెప్పాను. దుబాయ్‌లో మామూలుగా తపాలా ఇంటి గుమ్మానికి రాదు. క్యాంపులో ఉన్న మాబోటి వాళ్ళందరి ఉత్తరాలూ కంపెనీ పేరు మీద ఉన్న ఒకే పోస్ట్ బాక్సుకు వస్తాయి. ఇంటర్నెట్‌లో ఐపీ అడ్రస్ కూడా అలాంటిదే. అది మనిషి చిరునామా కాదు, మనకు నెట్ ఇచ్చే సంస్థ చేతిలో ఉన్న పెట్టె నంబరు. ఆ నంబర్లను ఎవరికి వారు సృష్టించుకోవడానికి వీల్లేదు. మన దేశమున్న ప్రాంతానికి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి ఏపీనిక్ అనే సంస్థ, యూరప్‌కు, మధ్య ప్రాచ్యానికి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైప్ ఎన్‌సీసీ అనే సంస్థ పంచిపెడతాయి. పాత పద్ధతి నంబర్లు మొత్తం కలిపి 430 కోట్లలోపే కాబట్టి, ఒకే నంబరును మొబైల్ కంపెనీలు వేలమందికి కలిపి వాడుతుంటాయి. ఏ నంబర్ల గుంపు ఏ దేశంలో ఎవరి దగ్గర ఉందో జాబితాలు ఉంటాయి. మనం ఏదైనా వెబ్‌సైటు తెరవగానే అది ఆ జాబితా చూసి 'ఇతను దుబాయ్‌లో ఉన్నాడు' అనుకుంటుంది.

ఆ అనుకోవడం ఎంత ఉజ్జాయింపుగా ఉంటుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చాలు. అలాంటి జాబితాలు తయారుచేసే ఒక కంపెనీ, దేశం అమెరికా అని మాత్రమే తెలిసి ఊరు తెలియని నంబర్లన్నిటికీ దేశం నడిబొడ్డున ఒక బిందువును గుర్తుగా పెట్టింది. ఆ బిందువు కాన్సాస్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబపు ఇంటి ముంగిట పడింది. 60 కోట్లకు పైగా నంబర్లు ఆ ఇంటినే చూపించడంతో, ఎక్కడో జరిగిన మోసాలకు, దొంగతనాలకు పోలీసులు ఏళ్ళ తరబడి ఆ ఇంటి తలుపు తట్టారు. కారణమేమిటో 2016లో గాని బయటపడలేదు.

ఇక వీపీఎన్ చేసే పని, మద్రాసులో ఉన్న మామ ద్వారా ఉత్తరాలు నడపడం లాంటిది. మనం రాసిన ఉత్తరాన్ని సీలు వేసిన ఇంకో కవరులో పెట్టి మామకు పంపుతాం. ఆయన పై కవరు తీసేసి, తన చిరునామా వేసి, అసలు చేరవలసిన చోటికి పంపుతాడు. జవాబు ఆయన దగ్గరికే వస్తుంది, ఆయన మళ్ళీ కవరు మార్చి మనకు పంపుతాడు. అందుకున్నవాళ్ళకు ఉత్తరం మద్రాసు నుంచి వచ్చినట్లే ఉంటుంది. దారిలో ఉన్న పోస్టుమాన్‌కు మనం మామకు రాస్తున్నామన్న సంగతి తప్ప మరేమీ తెలియదు. అయితే మామకు అన్నీ తెలుసు: ఎవరు ఎవరికి రాస్తున్నారు, ఏ వేళకు రాస్తున్నారు, ఎన్నిసార్లు రాస్తున్నారు. బ్యాంకు, వాట్సాప్ వంటివి లోపలి ఉత్తరానికి కూడా తాళం వేస్తాయి కాబట్టి ఆయన అది చదవలేకపోవచ్చు గాని, ఆ రాకపోకల లెక్క అంతా ఆయన చేతిలోనే ఉంటుంది. కనుక వీపీఎన్ వేసుకున్నవాడు దాక్కోవడం లేదు, ఇంతకు ముందు టెలికాం కంపెనీ మీద పెట్టిన నమ్మకాన్ని తీసి ఆ యాప్ నడిపేవాడి మీద పెడుతున్నాడు. మా మేనల్లుడికి నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన మాట ఇదే.

మామ అంటే తెలిసిన మనిషి. ఉచిత యాప్ వెనుక ఎవరున్నారో తెలియదు. సర్వర్లు నడపడానికి డబ్బు ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎక్కడి నుంచో రావాలి. వాడుకునేవాళ్ళ కనెక్షన్లనే ఇతరులకు అద్దెకు ఇస్తున్న ఒక ఉచిత సేవ సంగతి 2015లో బయటపడింది. దాని అర్థం, ముక్కూ మొహం తెలియనివాడు చేసే పని నా పెట్టె నంబరు మీద బయటికి పోవచ్చు. అక్కడ మన సిమ్ మన ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) మీద ఉంటుంది. విచారణ అంటూ వస్తే మొదట మన గది దగ్గరికే వస్తుంది, ఆ కాన్సాస్ రైతుకున్నంత ఓపిక గాని భాష గాని పరదేశంలో కూలికి పోయినవాడికి ఉండదు.

పీలేరు అన్న ఒక శుక్రవారం వీపీఎన్‌లో 'ఇండియా' ఎంచుకొని, "చూడు, నేను ఇప్పుడు ఊర్లో ఉన్నా" అంటూ మ్యాప్ తెరిచాడు. గదిలో అందరం చుట్టూ మూగాం. మ్యాప్‌లో నీలి చుక్క అల్ కూజ్‌లో, మా క్యాంపు ప్రహరీ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. అన్న యాప్‌ను ఆపి మళ్ళీ వేశాడు, చుక్క కదలలేదు. ఫోను తన చోటును ఐపీ నంబరు ఒక్కదానితోనే కాదు, ఉపగ్రహాలతో, చుట్టుపక్కల వైఫైలతో, టవర్లతో కూడా తెలుసుకుంటుందని, వీపీఎన్ వాటి జోలికే పోదని మాకు తెలిసింది ఆ రోజే. దానికి తోడు ఫోను గడియారం దుబాయ్ కాలాన్నే చెబుతుంటుంది. మనకూ వాళ్ళకూ గంటన్నర తేడా. బ్రౌజరు అడిగిన వెబ్‌సైటుకు ఆ కాలమానం కూడా చెప్పేస్తుంది. చరిత్ర దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిస్తే ఎవరికీ కనబడమనుకునే వాళ్ళు మా గదిలోనే ఇద్దరుండేవాళ్ళు. ఆ కిటికీ మన ఫోనులో జాడలు మిగలనివ్వదు, అంతే. ఐపీ నంబరు అందులోనూ అలాగే కనబడుతుంది.

2019 అక్టోబరులో నాన్నకు ఛాతీ నొప్పి వచ్చి తిరుపతిలో ఆసుపత్రిలో చేర్చారు. రాత్రి పదకొండు గంటలకు తమ్ముడు కాల్ చేశాడు, వెంటనే అడ్వాన్సు కట్టాలన్నాడు. ఆ కాల్ వీపీఎన్ మీదే నడిచింది, సర్వరు నెదర్లాండ్స్‌లో ఉంది. మాట్లాడడం ముగించి, వీపీఎన్ ఆపకుండానే ఊరి బ్యాంకు ఖాతా తెరిచాను. పాస్‌వర్డ్ కొట్టాను, ఓటీపీ వచ్చింది, అది కూడా కొట్టాను. ఖాతాను భద్రతా కారణాలతో తాత్కాలికంగా నిలిపివేశామన్న ఒక్క వాక్యం తెర మీద కనబడింది. సాయంత్రం దుబాయ్ నుంచి నిల్వ చూసుకున్న మనిషి రాత్రికి యూరప్‌లో తేలి, ఉన్న డబ్బంతా ఒకేసారి బయటికి పంపాలని చూస్తే దొంగ అని బ్యాంకు అనుకోదా? నా డబ్బును కాపాడడానికే వాళ్ళు తలుపు వేశారు. కాని ఆ తలుపు తెరుచుకోవడానికి మరునాడు ఉదయం దాకా ఆగవలసి వచ్చింది. మా వీధిలో పాల కేంద్రం నడిపే చిన్నాయన అర్ధరాత్రి తన డబ్బు తీసుకెళ్ళి ఆసుపత్రిలో కట్టాడు. నాన్న బతికాడు. ఆ రాత్రి నేను మంచం మీద కూర్చొని తెర మీది ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

చట్టం సంగతి మా మేనల్లుడికి విడిగా చెప్పాను, ఎందుకంటే దీని గురించి రెండు రకాల అబద్ధాలు తిరుగుతున్నాయి. వీపీఎన్ ఫోనులో ఉంటేనే జైలు అని కొందరు, అందరూ వాడుతున్నారు కాబట్టి ఏమీ కాదని కొందరు చెబుతారు. యూఏఈలో కంపెనీలు, బ్యాంకులు తమ లోపలి పనులకు వీపీఎన్ వాడుకుంటూనే ఉన్నాయి, దానికి అడ్డులేదు. కాని 2022 జనవరి నుంచి అమలులో ఉన్న సైబర్ నేరాల చట్టం (2021 నాటి 34వ నంబరు) ప్రకారం, నేరం చేయడానికి గాని, చేసిన నేరం బయటపడకుండా ఉండడానికి గాని ఐపీ చిరునామా మార్చి చూపితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తక్కువ జరిమానా కూడా మన రూపాయల్లో కోటికి పైమాటే. అనుమతి లేని కాల్ కోసం చిరునామా మార్చడం ఆ గీతకు ఏ పక్కన పడుతుందో కోర్టులో నిలబడి తేల్చుకునే స్తోమత మన దగ్గర లేదు. గల్ఫ్ అంతా ఒకే తీరుగా ఉంటుందని కూడా అనుకోకూడదు. సౌదీలో ఇలాంటి నిషేధాన్ని 2017 సెప్టెంబరులోనే సడలించారు. ఏ దేశానికి పోతున్నామో ఆ దేశపు నిబంధన తెలుసుకొని పోవాలి.

మన దేశంలో వీపీఎన్ వాడడం నేరం కాదు. అయితే 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు, వీపీఎన్ సేవలు అందించేవాళ్ళు తమ ఖాతాదారుల పేరు, చిరునామా, వాళ్ళకు కేటాయించిన ఐపీ నంబర్లు వంటి వివరాలను 5 సంవత్సరాలు భద్రపరచాలని చెప్పాయి. అది ఇష్టంలేని పెద్ద సంస్థలు కొన్ని భారతదేశంలోని తమ సర్వర్లను తీసేశాయి. అందువల్ల ఇప్పుడు వాటి జాబితాలో 'ఇండియా' అని కనబడే చోటు నిజానికి సింగపూర్‌లో గాని లండన్‌లో గాని ఉన్న యంత్రం కావచ్చు. క్రికెట్ చూడాలని, ఊరి భూమి కాగితాలు చూసుకోవాలని ఇండియా బొత్తాం నొక్కే మా క్యాంపు పిల్లలకు ఈ సంగతి తెలియదు.

ఇన్ని చెప్పినా, చోటు దాచుకోవడమే తప్పు అని వాడికి చెప్పలేదు, అలా నేను నమ్మను కూడా. మాల్‌లో, విమానాశ్రయంలో అందరూ వాడే వైఫైలో ఉన్నప్పుడు మంచి పేరున్న, డబ్బు చెల్లించి తీసుకున్న వీపీఎన్ పక్కవాడి కంటి నుంచి కాపాడుతుంది. వేధించే భర్త నుంచి తప్పించుకుని బతుకుతున్న ఆడమనిషికి, అవినీతిని రాసే విలేకరికి చోటు తెలియకపోవడమే ప్రాణరక్షణ. అలాంటివాళ్ళు వాడే టోర్ అనే నెట్‌వర్క్‌కు మూలం అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో జరిగిన పని. అందులో ఉత్తరం ఒక మామ చేతిలో కాకుండా ముగ్గురి చేతుల మీదుగా పోతుంది. పంపినవారెవరో, చేరేదెక్కడో రెండూ తెలిసినవాడు ఆ ముగ్గురిలో ఒక్కడూ ఉండడు. అమ్మతో మాట్లాడాలనుకునే కూలివాడి అవసరం వేరు. వాడు ఎవరి నుంచీ దాక్కోనక్కరలేదు. వాడికి కావలసింది గొంతు వినబడడం.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు మా మేనల్లుడు తన ఫోనులోని ఉచిత యాప్‌ను తనే తీసేశాడు. తీసే ముందు అది ఏమేం అనుమతులు తీసుకుందో చూపించమన్నాను. ఫోను నంబర్ల పుస్తకం, చోటు, ఫోటోలు ఇలా ఒక్కొక్కటీ తెర మీద కనబడుతుంటే వాడు మాట్లాడలేదు. తర్వాత అమ్మ ఫోనులో, అక్క ఫోనులో, వాడి ఫోనులో అక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్ ఎక్కించి, పేర్లు తెలుగులో రాసి, వాడి ఫోటో, నా ఫోటో పెట్టాను. పనిచేస్తుందో లేదో చూడాలని మిద్దె మీద నుంచి కింద వంటింట్లో ఉన్న అమ్మకు కాల్ చేశాను. పొయ్యి ముందు నుంచి లేచి, చేయి కొంగుకు తుడుచుకుని ఎత్తినట్లుంది, గాజుల చప్పుడు ముందుగా వినిపించింది.

"నాయనా, ఎట్లుండావు? తిన్నావా? ఆడ ఎండ ఎట్లుంది?" అంది.

"మిద్దె మీదే ఉండాను కదమ్మా" అన్నాను.

"తెలుసులే. ఫోను అబ్బోడికియ్యి" అని, వాడిని కూడా అదే అడిగింది.